పంటి సలుపు, రాత్రి నిద్ర: మామయ్యకూ మేనకోడలికీ మధ్య వాదం

(మామయ్యకు దవడ పన్ను పుచ్చి నెల దాటింది. పగలంతా బాగానే ఉంటారు, పడుకోగానే సలుపు మొదలవుతుంది. రోజూ నొప్పి బిళ్ళ వేసుకుని గడుపుతున్నారు. మేనకోడలు శారద పళ్ళ డాక్టర్. రూట్ కెనాల్ (పంటి లోపల చెడిన నరం తీసి నింపే చికిత్స) చేయించుకోమంటోంది. నేను శారద పక్షమే. అయినా మామయ్య మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి.)

మామయ్య: బిళ్ళతో నిద్ర పడుతోంది కదమ్మా, ఇంకా రూట్ కెనాల్ దేనికి? ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర ఉండదు, చేశాక నొప్పితో ఉండదు. నిద్ర కోసం నిద్ర పోగొట్టుకోమంటావు!

శారద: పదింటికి బిళ్ళ వేసుకుని నాలుగింటికల్లా దవడ పట్టుకుని కూర్చుంటున్నారని అత్తయ్య చెప్పింది. మందు బలం అంతవరకే మామయ్యా. రాత్రే ఎందుకు సలుపుతుందో తెలుసా? పంటి లోపల నరం, సన్నని రక్తనాళాలు ఉంటాయి. చుట్టూ గట్టి గోడ. లోపల వాపు వస్తే ఉబ్బడానికి చోటు ఉండదు. పడుకుంటే తలవైపు రక్తం ఒత్తిడి పెరిగి ఆ వాపు నరాన్ని ఇంకా నొక్కుతుంది. మీరు రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే కాస్త తగ్గుతున్నది అందుకే. ఒకరోజు ఆ సలుపు ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. తగ్గిపోయిందని అందరూ సంబరపడతారు. చాలాసార్లు అది నరం చచ్చిపోవడం. చీము ఎముకలోకి దిగి, కొన్నాళ్ళకు చెంప వాచి వస్తారు. పైగా మీరు బీపీ మనిషి. ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, బీపీ మందు సరిగ్గా పనిచేయదు, కడుపులో పుండు పడవచ్చు, కిడ్నీల మీద భారం. ఒక పన్ను కోసం ఇన్నిటిని పణంగా పెడతారా?

మామయ్య: నువ్వు చెప్పినంత సాఫీగా ఏదీ జరగదు. జ్ఞానదంతం తీయించుకున్నప్పుడు మూడో రోజు నుంచి అసలు నొప్పి మొదలైంది. చెవి దాకా లాగింది. పన్ను ఉన్నప్పుడే నయమనిపించింది.

శారద: అది డ్రై సాకెట్. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడుతుంది. పొగ తాగినా, గట్టిగా పుక్కిలించినా ఆ ముప్పు ఎక్కువ. మీ నొప్పి నిజమే, ఆ సంగతి మీకు ముందే చెప్పి ఉండాల్సింది. వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ బిళ్ళ సాయంత్రం వేసుకున్నా కొందరికి నిద్ర పట్టదు, పొద్దున వేసుకోవచ్చా అని అడగాలి. రూట్ కెనాల్ అయ్యాక కూడా కొరికితే కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది. కానీ అది రోజురోజుకూ తగ్గే నొప్పి. మీకిప్పుడున్నది అలాంటిది కాదు.

మామయ్య: అసలు పళ్ళ జోలికి వెళ్ళకూడదు. మా అమ్మకు పై పన్ను పీకించాకే చూపు మందగించింది.

శారద: అమ్మమ్మకు శుక్లాలు మామయ్యా! కంటిచూపు నరం వేరు, పళ్ళ నరం వేరు.

మామయ్య: అంటే మా అమ్మ అబద్ధం చెప్పిందంటావా?

శారద: అబద్ధమని ఎవరన్నారు? పన్ను తీసినది, చూపు తగ్గినది ఒకే వయసులో జరిగాయి, అంతే.

మామయ్య: సరే, ఆ మాట వదిలెయ్. దీనికి జవాబు చెప్పు. మా వీధిలో ఒకాయన గురక పెడతాడని పళ్ళ క్లినిక్‌కి వెళ్తే, నోటి అచ్చు తీసి, పళ్ళకు తొడుక్కునే ప్లేటు చేతిలో పెట్టారు. నిద్రలో ఊపిరి ఆగుతోందా లేదా అని అడిగినవాళ్ళు లేరు. దాన్ని ఏమంటారమ్మా, వైద్యమా, వ్యాపారమా?

శారద: వ్యాపారమే. అందులో మీతో వాదించను. కింది దవడను ముందుకు లాగి పట్టే పరికరం మంచిదే. దవడతోపాటు నాలుక ముందుకొచ్చి గొంతులో దారి తెరుచుకుంటుంది. నిద్రలో మాస్కుతో గాలిని ఒత్తిడిగా పంపే సీపాప్ యంత్రం పెట్టుకోలేనివాళ్ళకు దీన్ని వాడవచ్చని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2015లో మార్గదర్శకాల్లోనే చెప్పింది. కానీ ముందు నిద్ర పరీక్ష జరగాలి. గంటకు 5 నుంచి 15 సార్లు శ్వాస అడ్డుపడితే సమస్య తక్కువ స్థాయిలో ఉన్నట్టు, 30 దాటితే తీవ్రం. తీవ్రంగా ఉన్నవాళ్ళు ముందు సీపాప్‌నే ప్రయత్నించాలి. గురక శబ్దం తగ్గినంత మాత్రాన ఊపిరి సరిపోతోందని కాదు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకు పై పళ్ళకు మాత్రమే ప్లేటు ఇస్తే, స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఉన్న కొందరిలో అది ఇంకా ముదురుతుంది. దవడను ముందుకు లాగే పరికరాన్ని ఏళ్ళ తరబడి వాడితే పళ్ళ కూర్పు మారవచ్చు, దవడ కీలు నొప్పి రావచ్చు. ఇవేవీ చెప్పకుండా ప్లేటు అంటగట్టేవాళ్ళను చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది.

మామయ్య: మరి నన్ను మాత్రం వాళ్ళ దగ్గరికే వెళ్ళమంటున్నావు.

శారద: మీది గురక కాదు, పుచ్చు పన్ను. ఎక్స్‌రేలో కళ్ళకు కనబడుతుంది. ఏ వేరు దగ్గర ఏముందో చూపించమని అడగండి, చూపించకపోతే లేచి వచ్చేయండి.

మామయ్య: అంత డబ్బు పెట్టలేనంటే?

శారద: పీకించేయండి, సలుపు పోతుంది. నమలడానికి ఆ పన్ను పోతుందన్నదే నా బాధ. ప్రభుత్వ డెంటల్ కాలేజీలో అయితే రూట్ కెనాలే తక్కువలో చేస్తారు, కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి. రెండిట్లో ఏదైనా సరే, బిళ్ళలతో మాత్రం నెట్టుకురావద్దు.

మామయ్య: పొద్దున పూట అయితే వస్తాను. సాయంత్రం చేయించుకుని రాత్రంతా జాగారం చేయడం నావల్ల కాదు.

శారద: పొద్దున్నే వెళ్దాం. టిఫిన్ తినండి, బీపీ బిళ్ళ మానకండి. మత్తు దిగేదాకా ఏమీ నమలకండి, చెంప కొరుక్కుంటారు.