మైకు దయతో బతికిన గొంతులా?

కొన్ని వారాలుగా ఫోన్లలో తిరుగుతున్న ఒక సందేశాన్ని నాకు ముగ్గురు పంపారు. దాని సారం ఇది: 1920, 30ల నాటి క్రూనర్లకు, అంటే మైకు ముందు మెత్తగా పాడే గాయకులకు, గొంతు లేదు, మైకే వాళ్ళను గాయకుల్ని చేసింది. డాన్స్ బ్యాండ్ రికార్డులో పాడేది ఒక్క నిమిషం, మిగతాదంతా వాయింపే. బ్రిటిష్ గాయకులు అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీకి నకళ్ళు. ఈ రికార్డులంటే ఇష్టపడేవాళ్ళు ప్రేమించేది ఆ పాత గరగరనే. అసలు అవి పెద్ద హోటళ్ళలో డబ్బున్నవాళ్ళ కోసం పుట్టిన పాటలు.

ఇరవై ఏళ్ళుగా ఈ రికార్డులు వింటున్నాను. అందులో నిమిషం మాట ఒక్కటే నిజం. దాని నుంచి లాగిన అర్థం మాత్రం తప్పు.

ముందు గొంతు సంగతి. ఈ నింద కొత్తదేం కాదు. 1932 జనవరిలోనే బోస్టన్ క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ ఓకానెల్ ఈ క్రూనింగ్ పాటను నలుగురిలో తిట్టిపోశారు. 1925కు ముందు రికార్డింగు అంటే పెద్ద బాకాలోకి గొంతెత్తి పాడటమే. ఆ గొంతు అదురే సూదిని కదిపి మైనం మీద గాడి గీయాలి. మన పద్యనాటకాల్లో ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి వినపడేలా రాగం తీసిన నటుల్లాగే, వాళ్ళూ గుండెల నిండా గాలి పీల్చుకుని పాడేవారు. 1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి విద్యుత్ పద్ధతి విక్టర్, కొలంబియా కంపెనీల చేతికొచ్చింది. సుమారు 100 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా శబ్దాన్ని పట్టింది. అప్పటిదాకా గాలిలో కలిసిపోయిన ఊపిరి, మాట చివర్లో తగ్గే స్వరం, పెదవి కలిసే చప్పుడు కూడా రికార్డుకెక్కాయి.

ఇలాంటి మైకు గాయకుడి లోపాన్ని దాచదు, పట్టిస్తుంది. చెవి పక్కన కూర్చుని చెప్పినట్టు పాడేవాడికి శ్రుతి వెంట్రుకవాసి జారినా, అక్షరం నలిగినా దొరికిపోతాడు. ఏ.ఎం. రాజా గొంతును ప్రేమించిన మనకు ఈ సంగతి మరొకరు చెప్పనక్కర్లేదు. మెత్తగా పాడటం వేరు, గొంతు లేకపోవడం వేరు.

న్యూయార్కులో మెగాఫోను పట్టుకుని పాడిన రూడీ వ్యాలీది సన్నని గొంతే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్కణ్ణి చూపించి అందరినీ ఒకే గాటన కడితే ఎలా? లండన్ డాన్స్ బ్యాండ్లతో పాడి పేరు తెచ్చుకున్న అల్ బౌలీని తీసుకోండి. మొజాంబిక్‌లో పుట్టాడు, జోహన్నెస్‌బర్గ్‌లో పెరిగాడు, మంగలి పని చేశాడు. తండ్రి గ్రీకు, తల్లి లెబనాన్ మనిషి. 1920ల్లో బాంజో పట్టుకుని దేశాలు తిరిగాడు. మన కలకత్తా గ్రాండ్ హోటల్లో, సింగపూర్ రాఫెల్స్‌లో జిమ్మీ లెక్విమ్ బ్యాండుతో పనిచేశాడు. హాళ్ళలో మైకులు ఇంకా రాని కాలంలో, డాన్స్ చేసేవాళ్ళ అడుగుల సందడి మధ్య పని నేర్చుకున్నవాడు. అతనికి మైకు గొంతునివ్వలేదు. ఉన్న గొంతును ఎంత తగ్గించవచ్చో చూపించింది.

ఇక ఆ ఒక్క నిమిషం. పదంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మోగుతుంది. దాన్ని కొనేది డాన్స్ కోసం. అందుకే లేబుల్ మీద ఫాక్స్‌ట్రాట్ అనో వాల్ట్జ్ అనో ముద్రించేవారు, గాయకుడి పేరు చాలాసార్లు ఉండేదే కాదు. బ్యాండు ముందు బాణీ అంతా వాయిస్తుంది. శాక్సఫోన్లు, వయొలిన్లు మన చెవిలో దాన్ని స్థిరపరిచాక గాయకుడు వస్తాడు. చాలా పాటల్లో అతనికి దక్కేది 32 బార్లు, అంటే 32 తాళపు ఆవర్తాలు. అప్పటికే మనకు తెలిసిపోయిన బాణీని అతను కాస్త వెనక్కి లాగుతాడు, ఒక మాట దగ్గర ఆగుతాడు, మళ్ళీ తాళంలోకి వచ్చి చేరుతాడు. తాళం మాత్రం చెదరకూడదు, నేల మీద జంటలు ఆడుతున్నాయి మరి. లండన్ బ్యాండు నాయకుడు రే నోబుల్ రాసిన ‘ది వెరీ థాట్ ఆఫ్ యూ’ని 1934లో నోబుల్ బ్యాండుతో బౌలీ పాడిన రికార్డు వినండి. ఆ కొద్ది పంక్తుల్లో గొంతు ఒక్కసారి కూడా పెద్దది కాదు. అతను ఆగిపోయాక బ్యాండు అదే బాణీ వాయిస్తుంటే, మనకు మాత్రం అతని మాటలే వినపడుతుంటాయి. ఆ నిమిషానికి ముందూ వెనకా ఉన్న వాయింపు దాన్ని మోసే పల్లకీ.

నకలు మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఆ తరం మీద క్రాస్బీ ప్రభావం లేదనను. కానీ నోబుల్ లండన్‌లో హెచ్ఎంవీకి చేసిన రికార్డులను అమెరికాలో విక్టర్ విడుదల చేస్తే అక్కడి జనం ఎగబడి కొన్నారు. 1934లో నోబుల్‌కు న్యూయార్కు నుంచి పిలుపొచ్చింది. అక్కడి సంగీతకారుల యూనియన్ నిబంధనల వల్ల బ్యాండు మొత్తాన్ని తీసుకెళ్ళలేక, డ్రమ్మర్ బిల్ హార్టీనీ, బౌలీనీ వెంటబెట్టుకెళ్ళాడు. క్రాస్బీ పేరు మోగిపోతున్న దేశంలోనే బౌలీ న్యూయార్కు రెయిన్‌బో రూమ్ క్లబ్బులో పాడాడు.

గరగర ఆ సంగీతంలోది కాదు. ఆ రికార్డులకు వాడిన షెలాక్ అంటే మన లక్కే. ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. ఉక్కు సూది అరిగి గాడిలో కుదురుకోవాలని ఆ లక్కలో రాతిపొడి కలిపేవారు. ఆ పొడి, దశాబ్దాల అరుగుదల కలిస్తే గరగర. అసలు లోహపు అచ్చుల నుంచి కొత్తగా తీసిన ప్రతి వింటే బ్రష్షులతో డ్రమ్ము తుడుస్తున్న చప్పుడు కూడా తెలుస్తుంది. నేను వెతుక్కునేది అలాంటి ప్రతులనే.

డబ్బున్నవాళ్ళ పాటలా? బ్యాండ్లు వాయించింది మేఫెయిర్, సవాయ్ లాంటి హోటళ్ళలోనే. కానీ రాత్రిపూట బీబీసీ ఆ హాళ్ళ నుంచే నేరుగా ప్రసారం చేసేది. ఉల్‌వర్త్స్ దుకాణాల్లో ఆరు పెన్నీలకే డాన్స్ రికార్డులు దొరికేవి. వంటింట్లో, అద్దె గదిలో విన్నవాళ్ళు ఆ హోటలు గుమ్మం కూడా తొక్కి ఉండరు.

బౌలీ కూడా చివరికి పెద్ద హోటళ్ళలో లేడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జిమ్మీ మెసీన్‌తో కలిసి, రెండు గిటార్లతో ఊరూరా పాడాడు. 1941 ఏప్రిల్ 16న హై వికమ్ అనే ఊళ్ళో పాడి, ఆ రాత్రే లండన్ తిరిగొచ్చాడు. తెల్లవారేలోపు డ్యూక్ స్ట్రీట్‌లో అతని ఫ్లాట్ బయట, జర్మన్ విమానం జారవిడిచిన పారాచూట్ మైన్ అనే బాంబు పేలి చనిపోయాడు. ఆ దాడుల్లో పోయిన మిగతావాళ్ళతో కలిపి అతన్ని హాన్‌వెల్ శ్మశానంలో ఒకే గోతిలో పూడ్చారు.

రేపు ఆ సందేశం మీకు వస్తే, ముందుకు పంపేలోపు ఆ 1934 రికార్డు ఒక్కసారి వినండి. మూడు నిమిషాల పైచిలుకే.