ఇంటాయనకు చెప్పని బేరం

1779లో గుంటూరు కౌలుకు పోయింది. ఊరొక్కటే కాదు, మొత్తం గుంటూరు సర్కారు, అంటే జిల్లా లాంటి పెద్ద ప్రాంతం. అప్పట్లో అది హైదరాబాదు నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. ఆయన ఉండేది ఆదోనిలో. ఉత్తర సర్కారుల్లో మిగతావన్నీ నిజాంతో చేసుకున్న 1766 ఒప్పందంతోనే ఈస్టిండియా కంపెనీకి వెళ్ళాయి. గుంటూరు మాత్రం బసాలత్ జంగ్ బతికున్నంత కాలం ఆయనదే, ఆ తర్వాతే కంపెనీది అని రాసుకున్నారు.

కంపెనీకి అంత ఓపిక లేకపోయింది. ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైంది. బసాలత్ జంగ్ కొలువులో ఫ్రెంచివాళ్ళున్నారు. మోటుపల్లి రేవులో ఇంకా దిగుతారేమోనని భయం. మద్రాసు గవర్నరు థామస్ రంబోల్డ్ నేరుగా బసాలత్ జంగ్‌తో మాట్లాడుకుని గుంటూరును కౌలుకు తీసుకున్నాడు. ఫ్రెంచివాళ్ళను పంపేస్తే కంపెనీ పటాలం కాపలా ఉంటుందన్నాడు. ఆపైన ఆ సర్కారునే ఆర్కాటు నవాబుకు పదేళ్ళ కౌలుకు తిప్పేశాడు.

నిజాం కంపెనీకి మిత్రుడు. ఆయనకు సంగతి చెప్పింది బేరం కుదిరాక. చెప్పడానికి పంపిన మనిషి చేతే, సర్కారులకు కంపెనీ నిజాంకు కట్టాల్సిన పేష్కషు (కప్పం) కూడా వదిలేయమని అడిగించారు. ఈ రెండో ముక్క చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఏడాది తిరిగేలోపు నిజాం, మరాఠాలు, మైసూరు హైదర్ అలీ ఒక్కటయ్యారు. 1780 జులైలో హైదర్ కర్ణాటకం మీద, అంటే ఆర్కాటు నవాబు ఏలే తమిళ సీమ మీద పడ్డాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కంపెనీ కల్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. దీనికంతటికీ గుంటూరే కారణమంటే అతి అవుతుంది. ఫ్రెంచి రేవు మాహేను ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నందుకు హైదర్ అప్పటికే మండిపోతున్నాడు. కానీ పాత మిత్రుణ్ణి శత్రువు పక్కకు నెట్టింది మాత్రం ఈ కౌలే. కలకత్తాలో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌కు విషయం అర్థమైంది. గుంటూరు తిరిగి ఇప్పించాడు, నిజాం యుద్ధంలోకి దిగలేదు.

గుంటూరులో ఉంటూ అమెరికా వార్తలు చూస్తుంటే ఈ కథే గుర్తొస్తోంది. ట్రంప్ ఎవరిని ఏమన్నాడు, జెలెన్‌స్కీ సూటు వేసుకున్నాడా లేదా అని టీవీ చర్చలు నడుస్తాయి. 2025 ఫిబ్రవరి 28న వైట్‌హౌస్‌లో కెమెరాల ముందు జరిగిన ఆ రభస వారాల తరబడి నలిగింది. అంతకు పది రోజుల ముందు రియాద్‌లో జరిగిన దాని గురించి మనవాళ్ళు అంతగా మాట్లాడుకోలేదు. యుక్రెయిన్ యుద్ధం మీద అమెరికా, రష్యా కూర్చున్నాయి, బల్ల దగ్గర యుక్రెయిన్ లేదు. ఆగస్టు 15న అలాస్కాలో ట్రంప్, పుతిన్ కలిసినప్పుడూ లేదు. మూడు రోజులకు జెలెన్‌స్కీ వెంట యూరప్ నేతలు మాక్రాన్, మెర్జ్, స్టార్మర్, మెలోనీ అందరూ కట్టగట్టుకుని వాషింగ్టన్ పరుగెత్తారు. పెళ్ళి ఖాయమయ్యాక కబురందిన మేనమామల్లా ఉంది ఆ ఫొటో.

నా లెక్కలో అరుపులు చిన్న విషయం. డబ్బు అడగడమూ కొత్త కాదు. 1940లో బ్రిటన్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు రూజ్‌వెల్ట్ 50 పాత యుద్ధనౌకలిచ్చి, బదులుగా 99 ఏళ్ళ లీజుకు స్థావరాలు రాయించుకున్నాడు. యుద్ధం అయ్యాక ఇచ్చిన అప్పును బ్రిటన్ 2006 దాకా తీర్చింది. అయినా ఆ స్నేహం చెడలేదు. ఎందుకంటే ఆ బేరంలో రెండోవైపు కూర్చున్నది ఆస్తి ఉన్నవాడే. చర్చిల్ గొణిగాడు, కానీ సంతకం పెట్టింది బ్రిటనే.

చెడింది వేరే చోట. 1972 అక్టోబరులో అమెరికా తరఫున కిసింజర్ హనోయ్‌తో, అంటే ఉత్తర వియత్నాంతో, రహస్యంగా కుదుర్చుకున్న ముసాయిదా పట్టుకుని సైగాన్ వెళ్ళాడు. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థ్యూ మండిపడ్డాడు. ఉత్తరాది సైన్యం తన నేల మీదే ఉండిపోయే ఒప్పందం అది. 1973 జనవరిలో సంతకాలయ్యాయి, 1975 ఏప్రిల్‌లో సైగాన్ పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో దోహాలో ఇంకాస్త ముందుకెళ్ళారు. కాబూల్ ప్రభుత్వం జైళ్ళలో ఉన్న 5,000 మంది దాకా తాలిబన్లను విడుదల చేయిస్తామని అమెరికా తాలిబన్లకు మాటిచ్చింది. ఆ జైళ్ళ తాళాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు ఆ గదిలో లేరు. డెన్మార్క్ కిందున్న గ్రీన్‌లాండ్ తనకు కావాలని ట్రంప్ అన్న సంగతీ అంతే. డెన్మార్క్ అఫ్గానిస్థాన్‌లో అమెరికా పక్కన నిలబడి 40 మందికి పైగా సైనికులను పోగొట్టుకున్న దేశం.

ఇలాంటిది తనకు జరిగితే ఎలా ఉంటుందో అమెరికాకు తెలియదా? తెలుసు. 1956లో బ్రిటన్, ఫ్రాన్స్ ఇజ్రాయెల్‌తో గుట్టుగా మాట్లాడుకుని ఈజిప్టులో సూయెజ్ కాలువ మీదకు వెళ్ళాయి. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు చెప్పలేదు. పౌండు జారిపోతుంటే ఐఎంఎఫ్ డబ్బు అందకుండా చూసి, వారాల్లో బ్రిటన్‌ను వెనక్కి రప్పించాడు.

అమెరికా వాదనలో న్యాయం లేదని కాదు. 2014లో జీడీపీలో 2 శాతం రక్షణకు పెడతామని నాటో దేశాలు మాటిచ్చి ఏళ్ళ తరబడి చాలామంది పెట్టలేదు. 2025 జూన్‌లో హేగ్‌లో, 2035 నాటికి 5 శాతం అని ఒప్పుకున్నారు. ఒత్తిడి లేకపోతే ఆ అంకె వచ్చేది కాదు. యూరప్ బద్ధకాన్ని సమర్థించడానికి నాకు ఓపిక లేదు.

మన విషయానికొస్తే, మనం అమెరికాకు ఒప్పంద మిత్రులం కాదు. అయినా దెబ్బ తగిలింది. 2022 డిసెంబరులో జీ7 రష్యా చమురుకు పీపా 60 డాలర్ల పరిమితి పెట్టింది. చమురు పారుతూనే ఉండాలి, రష్యాకు లాభం తగ్గాలి, అదీ లెక్క. మనం కొంటుంటే అప్పట్లో వాషింగ్టన్ అభ్యంతరపెట్టలేదు. 2025 ఆగస్టులో అదే చమురు పేరు చెప్పి 25 శాతానికి ఇంకో 25 కలిపి సుంకం 50 శాతం చేసింది. మనకన్నా ఎక్కువ కొనే చైనాకు అప్పుడు ఆ జరిమానా వేయలేదు. ఇక్కడి మిర్చి యార్డులో రేటు కుదిరి కాటా అయ్యాక, నిమ్ముందని కోత పెడితే రైతు ఏమంటాడో అందరికీ తెలుసు. చవక చమురుతో మనకు లాభం రాలేదా అంటే వచ్చింది. ఆ లాభం చూసినవాళ్ళు వేరు, భీమవరం రొయ్యల చెరువుల దగ్గర సుంకం దెబ్బకు కౌంటు రేటు పడిపోయి టెన్షన్ పడినవాళ్ళు వేరు.

గుంటూరు చివరికి కంపెనీదే అయింది. బసాలత్ జంగ్ 1782లో చనిపోయాడు, 1788లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ పాత ఒప్పందం కాగితం చేతికిచ్చి తన దూత కెన్నవేను హైదరాబాదు పంపాడు. సర్కారు దగ్గర్లో పటాలాన్ని సిద్ధంగా పెట్టుకునే అడిగాడు, అందులో మర్యాద ఏమంత లేదు. కానీ అడిగింది నిజాంనే. ఇంకో రెండేళ్ళకు టిప్పు మీద యుద్ధంలో నిజాం సైన్యం కంపెనీ పక్కన నడిచింది.