ఒక్కరూ అలగని ఊరికి శ్రీకాకుళం నుంచి

శాంతమూర్తులైన హాయి ఆట గారికి,

నమస్కారం. కత్తి లేదు, తుపాకీ లేదు, చావు లేదు, 'గేమ్ ఓవర్' అన్న మాటే లేదు, కథ ఎటు పోవాలో నీ ఇష్టం అని చెప్పి, 'కోజీ గేమ్' అని పేరు పెట్టుకుని, నన్ను అర్ధరాత్రి దాటేదాకా లాప్‌టాప్ ముందు కూర్చోబెడుతున్న మీకు ఈ ఉత్తరం రాయక తప్పలేదు. గారు అని మొదలెట్టాను కానీ మనిద్దరి మధ్య అంత మర్యాద ఎందుకులే, నువ్వనే అంటాను. ఎలాగూ ఏమన్నా నీకు కోపం రాదు కదా. అసలు నా గొడవంతా అదే.

మీ జాతిలో ఏ ఆట తీసినా దాదాపు ఒకటే వరస. పట్నంలో ఉద్యోగం చేసి విసిగిపోయిన అమ్మాయి ఒకతె అమ్మమ్మగారి ఊరికో, ఎక్కడో చిన్న దీవికో వస్తుంది. అక్కడ నక్క ఉత్తరాలు పంచుతుంటుంది, ఎలుగుబంటి టీ కొట్టు నడుపుతుంటుంది. మా ఉద్దానంలో ఎలుగుబంటి జీడితోటలోకి వచ్చిందంటే పిల్లల్ని గుమ్మం దాటనివ్వరు, ఫారెస్టు వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు వెళ్తాయి. నీ ఎలుగుబంటేమో అల్లం ఎక్కువ వెయ్యనా తక్కువ వెయ్యనా అని అడుగుతుంది. వెనకాల నుంచి చూసిన మా మామ్మ, "దానికి గోళ్ళు తీసీసినారేటే?" అంది. 2019లో వచ్చిన ఎ షార్ట్ హైక్‌లో అయితే ఒక పక్షి ఫోన్ సిగ్నల్ కోసం కొండెక్కుతుంది, ఆటంతా అదే. చాలా బాగుంటుంది, నేనూ ఆడాను, కానీ సీతంపేట కొండల మీద ఉండేవాళ్ళకి ఇది ఆట అని చెప్పి చూడు, ఎలా చూస్తారో.

సరే, ఎలుగుబంటి దగ్గరికే వద్దాం. అది ఒక మాట అడుగుతుంది, కింద మూడు జవాబులు వస్తాయి. ఒకటి దయగా, ఒకటి సరదాగా, ఒకటి కాస్త పెళుసుగా. టైమర్ ఉండదు. నేను వంటింట్లోకెళ్ళి పాలు దించి, గేటు తాళం వేసి వచ్చినా అది అలాగే నవ్వు మొహంతో నిలబడి ఉంటుంది. పెళుసుది నొక్కాను, "నీ టీ బాగోలేదు" అని. "నిజం చెప్పినందుకు థాంక్స్!" అంది. అంతే. మర్నాడు మళ్ళీ అదే నవ్వు, అదే టీ, అదే అల్లం. ఇంత నిర్లిప్తత మునులకి కూడా ఉండదు.

ఇలా ఎందుకు తయారయ్యావో నాకు తెలుసు, సగం క్షమించేశాను కూడా. ప్రతి ప్రశ్నకీ రెండు దారులు పెట్టి, వాటిని మళ్ళీ ఎక్కడా కలపకుండా పోతే, పది ప్రశ్నలయ్యేసరికి 1,024 ముగింపులు రాయాలి. నిన్ను తయారుచేసేది చాలాసార్లు ఇద్దరో ముగ్గురో. స్టార్‌డ్యూ వ్యాలీ అనే మీ జాతి ఆటనైతే ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి బొమ్మలూ సంగీతమూ కోడూ మాటలూ అన్నీ తనే చేసుకుని 2016లో బయటపెట్టాడు. అందుకని దారిని చీల్చి, రెండు మూడు మాటలు వేరేగా అనిపించి, మళ్ళీ తెచ్చి ఒకే చోట కలిపేస్తారు. మా ఏడు రోడ్ల జంక్షన్‌కి ఏ రోడ్డులోంచి వచ్చినా అదే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టు. ఇలాంటి కథలు రాయడానికే ఇంక్ అని ఒక భాష ఉంది, ఇంకిల్ అనే బ్రిటిష్ స్టూడియో వాళ్ళది, దాన్ని అందరూ ఉచితంగా వాడుకోవచ్చు. అందులో నక్షత్రం గుర్తు పెడితే అదొక ఎంపిక, అడ్డగీత పెడితే చీలిన దారులన్నీ అక్కడికొచ్చి కలుస్తాయి. నక్షత్రం పెట్టింది ఒకసారి వాడితే మాయమైపోతుంది, ప్లస్ గుర్తు పెట్టింది ఎన్నిసార్లు తిరిగొచ్చినా అక్కడే ఉంటుంది. మా చుట్టాలు నన్నడిగే "మరి నీ పెళ్ళెప్పుడే?" కచ్చితంగా ప్లస్ గుర్తుదే.

కాబట్టి దారులు కలిపేశావని నాకేం కోపం లేదు. మా దగ్గరా కలుస్తాయి. ఎలా కలుస్తాయో నువ్వొకసారి వచ్చి చూడాలి.

ఇప్పుడు మా అప్ప పెళ్ళి కార్డులు పంచడానికి అమ్మతో తిరుగుతున్నాను. మొదటి కార్డు అరసవల్లి సూర్యనారాయణమూర్తికి, అందులో ఎవరికీ పేచీ లేదు. రెండో కార్డు దగ్గరే అసలు ఆట మొదలు. నరసన్నపేట పెద్దమ్మకి ముందా, ఆమదాలవలస అత్తకి ముందా? పెద్దమ్మ వయసులో పెద్ద, అత్త ఇంటి ఆడపడుచు. అమ్మ రాత్రంతా ఆలోచించి ఇద్దరికీ ఒకేరోజు అని తేల్చింది, దాంతో ఎవరింటికి పొద్దున్న, ఎవరింటికి సాయంత్రం అని ఇంకో చీలిక.

పెద్దమ్మ ఇంట్లో చెప్పులు విప్పామో లేదో, "తినీసి ఎల్లండి" అంది. ఇక్కడా మూడే ఆప్షన్లు. తినే వచ్చాం పెద్దమ్మా, టీ చాలు పెద్దమ్మా, పెట్టు పెద్దమ్మా. ఏది నొక్కినా కాసేపటికి ముందు కంచం, కంచంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర. అడ్డగీత పడింది, దారులు కలిశాయి. ఇంతవరకూ నువ్వూ మా పెద్దమ్మా ఒకటే. అమ్మ మొదటిది నొక్కింది. "ఎక్కడ తినీసినారేటి? ఆమదాలవలస ఎల్లొచ్చినారా?" అంది పెద్దమ్మ, నవ్వుతూనే, కూర వడ్డిస్తూనే. ఆ మాట ఎక్కడో సేవ్ అయిపోయింది, ఎప్పుడు పైకి వస్తుందో ఎవరూ చెప్పలేరు. 2012లో టెల్‌టేల్ వాళ్ళు చేసిన జాంబీల ఆటలో ఎవరినైనా నొప్పిస్తే, ఫలానా వాళ్ళు ఇది గుర్తుంచుకుంటారు అని తెర మూల అక్షరాలు వచ్చేవి. జాంబీల మధ్య బతికేవాళ్ళకి కూడా ముందస్తు హెచ్చరిక ఉంది, మాకు లేదు.

సోంపేట పిన్ని సంగతి ఇంకా ఉంది. మేం వెళ్ళకముందే మా తమ్ముడు కార్డు ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. మేం వెళ్ళేసరికి పిన్ని ఎదురొచ్చింది, మంచినీళ్ళిచ్చింది, బొట్టు పెట్టించుకుంది. కార్డు అందుకుని, కవరు విప్పకుండా, ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. టీ బాబాయి చేత పంపింది. "కోపమా? నాకెందుకమ్మా కోపం, ఫోన్లోనే ఎట్టీసినారు కదా, మళ్ళీ ఇంత దూరం రావడం ఎందుకని" అని గోడవతల నుంచి గొంతు. చెయ్యి ఎత్తలేదు, ఒక్క పరుషమైన మాట లేదు. నువ్వు పెట్టె మీద గొప్పగా రాసుకునే అహింస అంటే ఇదీ. మా పెదతాత ఎవరి పెళ్ళిలోనో బంతిలో తనకి ఆఖర్న మజ్జిగ పోశారని విస్తరి ముందు నుంచి లేచెళ్ళిపోయాట్ట. ఆ ఇంటికీ మాకూ ఇప్పటికీ రాకపోకల్లేవు, పోసినవాడూ లేడు, తాగాల్సినవాడూ లేడు.

అందుకని నా అర్జీ ఒకటే. హింస వద్దు, అలక పెట్టు. 1,024 ముగింపులు ఎవరూ అడగడం లేదు, 'టీ బాగోలేదంది' అని ఒక్క గుర్తు దాచుకో చాలు. మర్నాడు ఎలుగుబంటి కొట్టు తెరవకూడదు. అడిగితే ఒంట్లో బాగోలేదని నక్క చేత చెప్పించాలి. నక్క నా ఉత్తరాలు రెండు రోజులు ఆలస్యంగా తేవాలి, కారణం చెప్పకూడదు. అప్పుడు నేను ఎవరిని వెంటబెట్టుకుని వెళ్ళాలి, పళ్ళు పట్టుకెళ్ళాలా స్వీట్లా, వెళ్ళగానే విషయం ఎత్తాలా లేకపోతే ముందు వాళ్ళ మోకాళ్ళ నొప్పుల గురించి అడగాలా, ఇదీ సాహసం అంటే. డ్రాగన్లని చంపడం దీనిముందు ఎంత!

ఇది చేతకాని పని అనకు. 2023లో వచ్చిన వెన్బా ఉంది కదా, కెనడాలో ఒక తమిళ కుటుంబం ఆట. అందులో కత్తి కూరగాయలకి తప్ప బయటికి రాదు, ఇడ్లీ పాత్రలో ప్లేట్లు ఏ వరసలో పెట్టాలన్నదే పెద్ద చిక్కుముడి. అయినా కొడుకు మెల్లిగా అమ్మ భాషకీ అమ్మ వంటకీ దూరం జరుగుతుంటే కీబోర్డు మీద చెయ్యి ఆగిపోతుంది. నీకన్నా బుజ్జి ఆట అది.

ఇక ఉంటాను. టెక్కలి వైపు కార్డులు ఇంకా అలాగే ఉన్నాయి, పైగా ఆమదాలవలస అత్త ఫోన్ మోగుతోంది. ఎత్తితే పెద్దమ్మ ఇంట్లో ఏం తిన్నామో అడుగుతుంది, ఎత్తకపోతే ఎందుకెత్తలేదో పెళ్ళిలో అడుగుతుంది, అమ్మకిచ్చేద్దామంటే అమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపేస్తోంది.

ఇట్లు,
పెళ్ళికూతురి చెల్లెలు