ఆవలింతకు అన్న, దీనికెవరు?

ఆవలింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడంటారు. అపానవాయువు గతి అంతకన్నా హీనం, దానితో చుట్టరికం ఒప్పుకునేవాడే లేడు. తలుపులు మూసిన ఏసీ గదిలో, పన్నెండు మంది కూర్చున్న మీటింగులో అది బయల్దేరితే ఆ మనిషి అవస్థ చూడాలి. పైన చిరునవ్వు, కింద బిగింపు, మధ్యలో బెల్టు.

పెద్దమనిషి తప్పంతా మధ్యాహ్న భోజనం మీదికి నెట్టేస్తాడు. భోజనం చేసిన తప్పు కొంతే. ఫోన్లో మాట్లాడుతూ ఏడు నిమిషాల్లో తినేశాడు కాబట్టి ముద్దతోపాటు గాలి కూడా మింగాడు. అది చాలావరకు తేన్పుల్లో పోతుంది. అసలు సరుకు పొద్దున తిన్న బీన్స్ గింజలది. వాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విరిచే ఎంజైము మన చిన్నపేగులో లేదు. కొన్ని గంటల తర్వాత అవి చెక్కుచెదరకుండా పెద్దపేగు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియాకు పండగ! హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ తయారవుతాయి. పాపం, వీటికి వాసనే లేదు. పరువు తీసేవి గంధకం కలిసిన వాయువులు, మొత్తంలో ఒక శాతం కూడా ఉండవు.

ఒక్క తేన్పు వస్తే చాలనుకుని మనవాడు సోడా తాగాడు. ఉన్న గ్యాస్ చాలక కొత్తగా కొనుక్కుని తాగడమన్నమాట. పొట్ట ఇంకాస్త బిగిసింది. ఏం తోచక చక్కెర లేని చూయింగ్ గమ్ నోట్లో వేసుకున్నాడు. నమిలినంతసేపూ గాలి మింగడం ఒకటి, అందులో తీపికోసం వేసే సార్బిటాల్ సరిగా అరగక మళ్లీ ఆ బ్యాక్టీరియాకే విందు కావడం ఇంకొకటి. ఇక మిగిలింది బిగబట్టడం. బిగబడితే మాయమవుతుందా? కొంత రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోతుంది, మిగతాది మీటింగు అయ్యేదాకా గుమ్మం దగ్గరే కాపు కాస్తుంది.

ఇంతలో ఎడమ పక్కటెముకల కింద పోటు. పెద్దపేగు మలుపు తిరిగేది అక్కడే, గాలి ఇరుక్కునేదీ అక్కడే. గుండెపోటేమోనని మనవాడికి ముచ్చెమటలు. ఇక్కడ మాత్రం హాస్యం వద్దు. ఛాతీలో నొప్పి, చెమట, ఆయాసం, నొప్పి చేతికో దవడకో పాకడం ఉంటే గ్యాసేలే అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలీ మలమూ రెండూ ఆగిపోయినా అంతే.

అదృష్టం, ఇది ఉత్త గాలే. అర్జెంటు కాల్ అని చెప్పి, బెల్టు ఒక రంధ్రం వదులు చేసి వరండాలోకి నడిచాడు. రోజంతా చేసిన పనుల్లో తెలివైనది ఇదొక్కటే. పది పదిహేను నిమిషాల నడకకు పేగులు కదిలి గాలి దారి పడుతుంది. లిఫ్టులోకి మాత్రం వెళ్లకూడదు, కారణం చెప్పనక్కర్లేదు.

ఇంట్లో అయితే వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలూ పొట్టకు హత్తుకుని అర నిమిషం చొప్పున ఉంచొచ్చు. పొట్ట మర్దనా మంచిదే, కానీ దానికో రూటుంది: కుడి తుంటి దగ్గర మొదలుపెట్టి పక్కటెముకల దాకా పైకి, అక్కణ్నుంచి అడ్డంగా ఎడమకు, తర్వాత కిందికి. పెద్దపేగు సాగే దారి అదే, ఎదురు తోస్తే రాంగ్ రూటే. సిమెథికోన్ మాత్ర చిన్న బుడగల్ని కలిపి పెద్దవి చేస్తుంది, గాలిని మాయం చేయదు. వేసుకుని నిశ్శబ్దం ఆశించకండి.

రేపటి సంగతంటారా, గింజల్ని ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి. పీచు మంచిదని ఒక్కరోజులో కుమ్మేయకుండా వారాల మీద పెంచాలి. పాల మీద అనుమానముంటే రెండు వారాలు మానేసి చూడాలి. మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడాలి, దారి మూసుకుంటే గాలి ఎటు పోతుంది? రోజుకు పది ఇరవై సార్లు గాలి పోవడం మామూలే. నాకసలు రాదనేవాణ్ని మాత్రం నమ్మకండి. బరువు తగ్గడం, మలంలో రక్తం, వారాల తరబడి తగ్గని ఉబ్బరం ఉంటే, అందులోనూ యాభై దాటిన ఆడవాళ్లలో, డాక్టరుకు చూపించాలి.

పావుగంటకు మనవాడు తేలిగ్గా తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ఏమయ్యా, అంత అర్జెంటు కాల్ ఎక్కణ్నుంచి?" అన్నాడు బాసు.

"లోపల్నుంచి సార్. మాట్లాడి పంపించేశాను."