సవరణ: అరుణా మిల్లర్ ఓడింది ప్రైమరీలో

నిన్నటి పోస్టులో పెద్ద తప్పు రాశాను. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో అమెరికా ప్రతినిధుల సభకు పోటీచేసి 'రిపబ్లికన్ చేతిలో ఓడిపోయారు' అన్నాను. అది నిజం కాదు. ఆమె నవంబరు ఎన్నిక దాకా వెళ్లనే లేదు. మేరీల్యాండ్ రాష్ట్రం 6వ నియోజకవర్గంలో జూన్ 26న జరిగిన డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, సొంత పార్టీకే చెందిన డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడారు. ఆయనకు సుమారు 40 శాతం, ఆమెకు 31 శాతం ఓట్లు.

మనకు టికెట్ అధిష్ఠానం ఇస్తుంది. అక్కడ దాన్ని తేల్చేది ఓటర్లు. మేరీల్యాండ్‌లో డెమోక్రాట్‌గా నమోదైనవారికే ఆ పార్టీ ప్రైమరీ బ్యాలెట్ అందుతుంది. ఆ కాగితం మీద ట్రోన్, మిల్లర్‌తో సహా డెమోక్రాట్ల పేర్లే ఉంటాయి. నేను చెప్పిన రిపబ్లికన్ పేరు అందులో ఉండే వీలే లేదు. అందుకే ఇది చిన్న పొరపాటని వదిలేయలేకపోయాను.

ట్రోన్ పెద్ద మద్యం దుకాణాల గొలుసుకు సహ యజమాని, ప్రచారానికి కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టారు. మిల్లర్ మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేసిన సివిల్ ఇంజినీరు. ఈ తేడా చెప్పకుండా ఆమె ఓటమి గురించి రాయడం ఆమెకు అన్యాయం చేయడమే.

'దాంతో రాజకీయాలు ముగిశాయి' అన్న వాక్యం కూడా తీసేశాను. 2023 జనవరి నుంచి ఆమె మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి స్థానం. తప్పు చూపించిన పాఠకులకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.