ముందు గీత, తరువాత లోలకం

ప్రకృతి మీద ఇంటర్మీడియట్ విద్యార్థికి ఉన్నంత పట్టు గెలీలియోకు కూడా లేదని ఘంటాపథంగా చెప్పగలను. రుజువు కావాలంటే ఏ కాలేజీలోనైనా లఘులోలకం, అంటే దారానికి వేలాడే గోళం ఊపులు కొలిచే ప్రయోగం, రికార్డు తెరిచి చూడండి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా పొడవు, నిలువుగా ఆవర్తన కాలం (ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం) వర్గం. ఆరు చుక్కలు. ఆరింటినీ తాకుతూ మూలబిందువు నుంచి బయలుదేరిన సరళరేఖ. ఆ గీత నుంచి లెక్కకట్టిన గురుత్వ త్వరణం, సెంటీమీటర్ల లెక్కలో, 980. 979 కాదు, 981 కాదు.

అసలు లోలకానికి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? దారం బిరడా చీలికలోంచి జారుతుంది. గోళం అటూ ఇటూ ఊగమంటే గుండ్రంగా తిరుగుతుంది. ఇరవై డోలనాలు లెక్కపెట్టేవాడు పదమూడు దగ్గర పక్కవాడికి జవాబిచ్చి పద్నాలుగును మింగేస్తాడు. అందుకే మనవాళ్లు ప్రయోగాన్ని తలకిందులు చేశారు. సెంటీమీటర్లలో పొడవును 24.8తో (980ని 4π²తో భాగిస్తే వచ్చే అంకె) భాగించి, వర్గమూలం తీసి, ఇరవైతో గుణిస్తే స్టాప్‌వాచి ఎంత చూపించి ఉండాలో తేలిపోతుంది. మీటరు పొడవుకు 40.2 సెకన్లు. నిజాయితీ కోసం ఒక వరుసలో 40.1, రెండో వరుసలో 40.3 వేస్తారు. దారం కట్టే పనే లేదు.

పాపం, జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడికి ఈ విద్య అబ్బలేదు. 1672లో భూమధ్యరేఖకు దగ్గరలోని కయెన్‌కు వెళితే, పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అమాయకుడు, వచ్చింది వచ్చినట్టు రాసుకున్నాడు. గడియారం వెనకబడిందంటే అక్కడ గురుత్వం కాస్త తక్కువని అర్థం; ఆ రాతను న్యూటన్ అందుకుని భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందనే వాదానికి వాడుకున్నాడు. రిషే ఆ ఒక్క అంకె దిద్ది ఉంటే భూమి పరువు దక్కేది.

మా అక్క కూతురుకీ ఇదే జబ్బు. నిజంగా దారం కట్టి, నిజంగా లెక్కపెట్టింది. గీత మూలబిందువుకు వెంట్రుకవాసి పైనుంచి పోయింది. లెక్చరర్ ఎర్ర సిరాతో ‘మళ్లీ చేయి’ అని రాశారు.

“దారం పొడవుకు గోళం వ్యాసార్ధం కలపడం మరిచాను మామయ్యా. కలపకపోతే గీత సరిగ్గా ఇలాగే పోతుంది. చూశావా, నా తప్పును గ్రాఫే పట్టుకుంది!” అంది, కళ్లు మెరుస్తూ.

పిల్ల చెడిపోతోందని అర్థమైంది. బాధ్యత గల పెద్దవాడిగా 24.8 సంగతి చెవిలో వేశాను. మర్నాడు 980 వచ్చింది, సంతకం పడింది. లోలకం ఆ రోజంతా ల్యాబు బీరువాలోనే ఉంది, తాళం కూడా తీయలేదట.