అలాస్కా నుంచి "తెచ్చారండీ"

అమెరికాలో సియాటిల్ పక్కనే బెల్‌వ్యూలో ఉండే మా ఫ్రెండుకి ఒక అలవాటుంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా సియాటిల్ పయనీర్ స్క్వేర్‌కి లాక్కెళ్లి, అక్కడున్న బొమ్మలు చెక్కిన చెక్క స్తంభం ముందు నిలబెట్టి ఒకటే డైలాగ్ కొడతాడు, "ఇది టోటెమ్ పోల్ అంకుల్, 1899లో అలాస్కా నుంచి తెచ్చారు." మొన్న వాళ్ల మావగారి ముందూ అదే ముక్క. తెచ్చారట! ఇడ్లీ పిండి తెచ్చారు, పాల క్యాన్ తెచ్చారు, వస్తూ వస్తూ ఒక స్తంభం కూడా తెచ్చారు.

ఎలా తెచ్చారో చెప్తా వినండి. ఛాంబర్ ఆఫ్ కామర్స్ స్థాయి పెద్దమనుషులు ఓడెక్కి విహారయాత్రకి పోయారు, ఓడ పేరు కూడా సిటీ ఆఫ్ సియాటిల్, అంటే ఊరు ఊరంతా బయల్దేరినట్టే అనుకోండి. దారిలో టోంగాస్ అని ట్లింగిట్ అనే అలాస్కా ఆదివాసీల ఊరు. జనం చేపలకి పోయారు. అంటే ఊరు ఖాళీ, ఖాళీ అంటే వదిలేసినట్టు, వదిలేస్తే మనదే! ఈ లెక్కన నాట్లప్పుడు మన పల్లెల్లో పగలు వీధిలో ఎవరూ కనపడరు కాబట్టి గుడి గంటతో సహా బండికెత్తుకోవచ్చు. సరే, స్తంభాన్ని చెట్టు కొట్టినట్టు కొట్టారు, ఒడ్డుదాకా దొర్లిద్దామంటే పొడుగైపోయింది, రంపంతో రెండు ముక్కలు కోశారు. పక్కన ఆ కోటూ టోపీల వాళ్లు "నెమ్మది బాబూ, ముక్కు జాగ్రత్త" అని కళాభిమానం కురిపించే ఉంటారు. తెచ్చి అక్టోబర్‌లో ఊరి నడిబొడ్డున నిలబెట్టారు. సియాటిల్ అనే ఏ ఆదివాసీ నాయకుడి పేరు ఊరికి పెట్టుకున్నారో ఆయన జనం ఇలాంటి స్తంభాలు చెక్కేవాళ్లే కాదు, అది వేరే సంగతి.

మావాడు మాత్రం దాన్ని "వాళ్ల దేవుడి స్తంభం" అంటాడు. దేవుడు కాదురా నాయనా, అది ఒక మనిషి గుర్తు. ఒంట్లో బాలేని తోబుట్టువుని చూడ్డానికి పోతూ నాస్ నదిలో మునిగిపోయిన ఒక పెద్దింటావిడ జ్ఞాపకంగా ఆమె వంశం నిలబెట్టుకున్నది. మన వీరగల్లు లాంటిదనుకో. మీ నాయనమ్మ సమాధి రాయిని ఎవడో రంపం పెట్టి కోసి పార్కులో పెడితే అప్పుడు కూడా "తెచ్చారు" అంటావా? సిగ్గుండాలి.

ట్లింగిట్లు 20,000 డాలర్లు అడిగితే 500 చేతిలో పెట్టారు. ఎనిమిది మంది పెద్దమనుషుల మీద గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) దొంగతనం కేసు పెట్టింది, తర్వాత ఆ కేసూ కొట్టేశారు. 1938లో ఎవడో నిప్పంటించాడు. అప్పుడు మళ్లీ ఎవరు చెక్కాలి? ట్లింగిట్లే! 1940 నుంచి నిలబడింది ఆ నకలే. అంటే మావాడు ఇన్నేళ్లుగా చూపిస్తున్నది "తెచ్చింది" కూడా కాదు.

పైన కూర్చున్నది చంద్రుణ్ణి ముక్కున కరుచుకున్న బొంతకాకి. వాళ్ల కథల్లో అది వెలుగుని దొంగిలించింది, కానీ ఇంట్లో దాచుకోలేదు, లోకమంతా పంచింది.

మావగారు తలెత్తి చూసి, "పైన ఏంటి బాబూ అదీ?" అన్నారు.

"గద్ద అంకుల్. కొంచెం ఇటు జరగండి, ఫ్రేమ్‌లోకి రావట్లేదు."